అయిదుగురికి ఆటలమ్మ

మొన్న ఆదివారం పొద్దున్న కింది క్వార్టర్‌లో ఉండే అమ్మాయి మా తలుపు కొట్టింది. చంకలో ఏడాదిన్నర పిల్లవాడు, భుజం మీద వాడు కక్కిన పాలమరక, దువ్వెన చూడని జుట్టు. వైజాగు నుంచి ఓడలో మూడు రోజుల దూరమైన ఈ ద్వీపంలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ వాక్యం సగంలోకి వచ్చేసరికి హిందీలోకి జారిపోతుంది. "ఆంటీ, నీమ్ పత్తా ఎక్కడ దొరుకుతుంది? మా పెద్దోడికి చికెన్ పాక్స్ అయిపోయింది. ఈ ఛోటూకి రాకుండా ఏం చెయ్యాలో కొంచెం చెప్పండి నా" అంది. నాకు నవ్వాగలేదు. పాపం, ఆ పిల్ల బిత్తరపోయింది. నిన్ను చూసి కాదమ్మా అని కూర్చోబెట్టి, టీ పెట్టి ఇచ్చి, వేపచెట్టు ఎక్కడుందో గుర్తులు చెప్పాను. చిన్నవాడి సంగతి డాక్టరునే అడుగు, పెద్దవాడి గోళ్ళు మాత్రం ఇవాళే కత్తిరించెయ్యి అని పంపించాను. ఆమె వెళ్ళాక తలుపు వేస్తుంటే అంతా గుర్తొచ్చింది. రాకుండా ఏం చెయ్యాలని నేనూ ఒకప్పుడు ఇలాగే ఊరంతా అడిగినదాన్నే.

అప్పుడు మేం ఇదే డెలానీపూర్‌లో, ఇక్కడికి రెండు వీధుల అవతల, రెండు గదుల గవర్నమెంటు క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. ఆయన హార్బర్ ఆఫీసులో పనిచేసేవారు. నేను చిన్న తరగతులకి తెలుగు చెప్పే టీచర్ని. మాకు నలుగురు పిల్లలు. ఇద్దరు చాలని గోడల మీద చదువుకుంటూ పెరిగిన టీచరమ్మకి నలుగురేమిటని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పేదాన్ని: మేం మూడో బిడ్డతో ఆపుదామనే వెళ్ళాం, ఆస్పత్రిలో రెండు చేతుల్లోనూ చెరొకరిని పెట్టి పంపారు. పెద్దమ్మాయికి పదేళ్ళు, తర్వాత పుట్టినవాడికి ఎనిమిది, కవల ఆడపిల్లలకి నాలుగు. మూడు తలలకి ఆరు జడలు వేసి బడికి వెళ్ళాలంటే ఎన్ని గంటలకి లేవాలో లెక్కలు చెప్పే టీచరు కూడా చెప్పలేదు. ఒకటే స్నానాలగది. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. నీళ్ళొచ్చే రోజున డ్రమ్ములు నింపుకోవాలి, ఆ డ్రమ్ముల్లో కవలలు చెప్పులు పడవలుగా వదలకుండా కాపలా కాయాలి. అబ్బాయి మేజోడు ఒకటి ఎప్పుడూ కనిపించేది కాదు. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది. ఎలా వెళ్ళిందని అడిగితే నలుగురూ నలుగురు వేరేవాళ్ళ పేర్లు చెప్పారు.

విసుగు రాలేదంటే అబద్ధం. ఒకరిని కేకెయ్యబోతే ముందు మిగతా ముగ్గురి పేర్లూ నోట్లోంచి వచ్చేవి. ఆఖరికి అసలు పేరు దొరికేసరికి ఎందుకు పిలిచానో మర్చిపోయేదాన్ని. ఆయన తెచ్చిన చేపలు పులుసు పెట్టిన రోజున నలుగురి కంచాల్లోనూ ముళ్ళు ఏరి పెట్టేసరికి నా అన్నం చల్లారిపోయేది. అది చూసి పెద్దది జాలిపడి, "ఇవాళ అమ్మకి మేం పెడతాం" అనేది. నలుగురూ వరసగా తలొక ముద్ద నా నోట్లో పెట్టేవారు, ముళ్ళతో సహా. వానాకాలం ఇక్కడ మామూలుగా వస్తుందా, రేకుల మీద రాళ్ళు దొర్లించినట్టు వస్తుంది. ఆ చప్పుడుకి భయమని ఒకరు, భయపడేవాళ్ళకి తోడని ఒకరు, నాకేం భయం లేదని చెప్పడానికి ఒకరు, చోటు ఉందని ఒకరు మా పక్కలోకి చేరేవారు. ఆయన కింద చాప మీదికి దిగిపోయేవారు. తడిజుట్టు వాసన, కొబ్బరినూనె వాసన, మోచేతులూ మోకాళ్ళూ. నిద్ర పట్టేది కాదు, లేవబుద్ధీ అయ్యేది కాదు.

ఆ ఏడు మా చెల్లి పెళ్ళి కుదిరింది. చెల్లంటే నాకు చెల్లొక్కటే కాదు. మా ఊరు సోంపేట దగ్గర. నాకు పదిహేడేళ్ళప్పుడు అమ్మ పోయింది, అప్పటికి దానికి ఏడేళ్ళు. దానికి జడలు వేసి, పలకమీద అక్షరాలు దిద్దించి, జ్వరం వస్తే పక్కన కూర్చున్నదాన్ని నేనే. నా పెళ్ళయి ఓడెక్కిన రోజున అది నా పెట్టె మీద ఎక్కి కూర్చుని దిగనంది. ఇప్పుడు దాని పెళ్ళికి, నాన్న ఒక్కరే కాబట్టి, నేనూ ఆయనా పీటల మీద కూర్చుని కన్యాదానం చెయ్యాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆ మాట ఫోన్లో విన్న రోజున బడిలో నేను ఎవర్నీ కోప్పడలేదు. వైజాగు ఓడ నెలకొకసారి ఉంటే గొప్ప. ఆయన హార్బర్‌లో పనిచేస్తారన్న మాటే గానీ టికెట్ల కోసం తెల్లారకుండానే అందరితో పాటు లైన్లో నిలబడ్డారు. ఓడ అడుగున వరసగా పడకలుండే బంకు తరగతిలో ఆరు టికెట్లు దొరికాయి. ముగ్గురు ఆడపిల్లలకీ పట్టులంగాలు, అబ్బాయికి పొడుగుచేతుల చొక్కా కుట్టించాం.

ప్రయాణం ఇంకా పదిరోజులుందనగా మావాడు ఉన్నట్టుండి బుద్ధిమంతుడైపోయాడు. "నేను పెద్దవాణ్ణయిపోయాను, నా స్నానం నేనే చేస్తా" అన్నాడు. నేను మురిసిపోయి బడిలో తోటి టీచర్లకి కూడా చెప్పుకున్నాను. ఉక్కపోస్తున్న ఆ రోజుల్లో పొడుగుచేతుల పెళ్ళిచొక్కా తొడుక్కుని, గొంతుదాకా గుండీలు పెట్టుకుని తిరగసాగాడు. ఇదేమిట్రా అంటే, "పెళ్ళిలో వేసుకోవాలి కదా, ఇప్పట్నించే అలవాటు చేసుకుంటున్నా" అన్నాడు. వాళ్ళక్క పొద్దున్నే లేచి వాడి పై గుండీ దగ్గరుండి పెట్టేది. అక్కాతమ్ముళ్ళ సఖ్యత చూసి నా కళ్ళు చెమర్చాయి కూడా. ఇవన్నీ మూడు రోజులు సాగాయి. నాలుగో రోజున కవలల్లో ఒకతి వాడి వీపు మీద గుర్రమెక్కి కాలరు పట్టుకు లాగింది. గుండీలు రెండు ఊడి పడ్డాయి. వాడి ఛాతీ నిండా నీటిపొక్కులు.

"మచ్ఛర్ కుట్టిందమ్మా" అన్నాడు వాడు, నేనింకా ఏమీ అడక్కుండానే. ఇక్కడి పిల్లలకి దోమ ఎప్పుడూ మచ్ఛరే.

"ఇన్ని దోమలా?"

"ఒకటే. చాలాసార్లు కుట్టింది."

నా చెయ్యి లేచిపోయింది. వీపు మీద ఒక్కటి వేశాను. పెద్దదాన్ని గోడకి నిలబెట్టాను. "ఓడలో నెలల పిల్లలుంటారు, కడుపుతో ఉన్నవాళ్ళుంటారు. నీ సరదా కోసం అందరికీ అంటిస్తావా? ఇంత స్వార్థమేంట్రా నీకు?" అని బడిలో చెప్పే గొంతుతో అరిచాను. వాడు ఏడవలేదు. "చెప్తే నన్ను పెళ్ళికి తీసుకెళ్ళరు కదా" అన్నాడు నేల చూస్తూ. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే ఆటలమ్మే అని తేల్చి, పొక్కులన్నీ పక్కు కట్టేదాకా గడప దాటించొద్దన్నారు. ఓడలో అయితే అసలే వద్దన్నారు. బడిలో ఎవరి దగ్గర్నుంచో వచ్చి ఉంటుందట. నా తరగతిలోనే ఇద్దరు రావడం మానేశారని అప్పుడు గుర్తొచ్చింది.

కబురు తెలిసి తుష్నాబాద్ నుంచి మా అత్తగారు బస్సులో దిగారు. ఆవిడ తాతలు గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆవిడ ఎన్నడూ ఆ ఒడ్డు చూడలేదు గానీ మాటలో ఆ ఒడ్డు అలాగే ఉండిపోయింది. ఆవిడ వచ్చేసరికి ఆయన వేపాకు కోసం స్కూటరు మీద సిప్పీఘాట్ దాకా వెళ్ళి పెద్ద మోపు తెచ్చి, గుమ్మానికి కట్టి, మంచం చుట్టూ పరిచి, గర్వంగా నిలబడి ఉన్నారు. అత్తగారు ఒక రెమ్మ తుంచి వాసన చూశారు. "ఇది కొండయేపరా బాబూ. నలభై ఏళ్ళొచ్చినాయి, యేపాకు తెలీదేటి నీకు?" అని తన సంచిలోంచి అసలైన వేపమండలు తీశారు. అప్పట్నుంచి ఇల్లు ఆవిడ రాజ్యం. తాలింపు ఘుమఘుమలు బంద్. నూనె బంద్. గోకితే వేళ్ళకి గుడ్డ చుడతానని హెచ్చరిక.

ఆరు టికెట్లు అయిదయ్యాయి అనుకున్నాం. వాణ్ణి అత్తగారి దగ్గర వదిలి మిగతావాళ్ళం వెళ్దామని. రెండు రోజుల తర్వాత డాక్టరు కవలల గురించి చెప్పారు: వాళ్ళకీ ఇప్పటికే అంటుకుని ఉండవచ్చు, దారిలోనో పెళ్ళింట్లోనో బయటపడవచ్చు. దాంతో అయిదు మూడయ్యాయి, పెద్దదానికి రాదులే అని మాకు మేమే చెప్పుకున్నాం. ప్రయాణానికి ముందురోజు సాయంత్రం పెద్దదాని చెవి వెనక పొక్కు కనబడింది. తనే వచ్చి చూపించింది, పాపం, పట్టులంగా మడత పెట్టి చేతికిచ్చేసి. పిల్లలు నలుగురూ ఆగిపోతే ఆయన కదల్లేరు. ఇక నేనొక్కదాన్నే మిగిలాను.

"నువ్వెల్లు" అన్నారు అత్తగారు. "నలుగురికి నాను సాలనేటి? ఏడుగుర్ని పెంచినాను. తల్లి లేని పిల్ల పెళ్లి, అక్కయినా ఉండాల. నీకు సిన్నప్పుడు అయిపోయింది కదా ఇది?"

అయిపోయే ఉంటుందన్నాను. నిజానికి నాకు తెలియదు. అలాంటివి గుర్తుపెట్టుకునే మనిషి అమ్మ. నాన్నని ఫోన్లో అడిగితే, "వచ్చే ఉంటుందమ్మా, అందరికీ వస్తుంది కదా" అన్నారు.

ఓడ మధ్యాహ్నం. పొద్దున్నే స్నానం చేస్తూంటే మెడకింద ఎముక దగ్గర కందిగింజంత పొక్కు చేతికి తగిలింది. లోపల నీరు మెరుస్తోంది. చెమటకాయ అనుకున్నాను. అనుకోవడానికి చాలా కష్టపడ్డాను. రెండోది భుజం మీద కనబడింది. దానివైపు మళ్ళీ చూడలేదు. చీర కట్టుకుని, పైట రెండు భుజాల మీదుగా కప్పుకుని, లోపల పిన్ను పెట్టుకున్నాను. ఆయన పెట్టె ఆటోలో పెట్టించడానికి గుమ్మం దగ్గర నిలబడి, "అదేంటి, చలేస్తోందా?" అన్నారు. "ఓడ మీద గాలి కదా, ఇప్పట్నించే అలవాటు చేసుకుంటున్నా" అన్నాను. ఆ మాట ఎక్కడిదో ఆ క్షణాన నాకు తట్టలేదు. నా మనసంతా అవతలి ఒడ్డున ఉంది. మూడు రోజుల ప్రయాణం, వెళ్ళగానే ఒక గదిలో పడుకుంటాను, పెళ్ళినాటికి ఎండిపోతాయి, ఎవరికీ ఏమీ కాదు. మనసు ఎంత చక్కగా వాదిస్తుందో ఆ రోజు చూశాను.

కవలలకి ముద్దులు పెట్టాను. పెద్దదానికి జాగ్రత్తలు చెప్పాను. కిటికీ పక్క మంచం మీద వాడు పడుకుని ఉన్నాడు, ఒంటినిండా ఎండుతున్న పొక్కులతో. వెళ్ళొస్తాను నాన్నా అని వంగి నుదురు ముట్టుకున్నాను. వాడి కళ్ళు నా మెడ దగ్గర ఆగిపోయాయి. పది రోజులుగా వాడికి ఇదే చదువు. పొక్కు ఏది, కాటు ఏది, దద్దురు ఏది, డాక్టరు కంటే ముందు చెప్పగలడు.

"మచ్ఛర్ కుట్టిందా అమ్మా?" అన్నాడు మెల్లిగా.

"ఆఁ" అన్నాను.

వాడు గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ నాన్నవైపు చూశాడు. ఆ తర్వాత చెయ్యి చాపి, వేలితో నా పైట కొద్దిగా పైకి లాగి, ఆ పొక్కు కనబడకుండా కప్పాడు. "నేనెవరికీ చెప్పన్లే. నువ్వెళ్ళిపో. పిన్ని చూస్తుంటుంది" అన్నాడు.

నేనన్న మాటలు వాడు నాకే తిరిగి అప్పజెప్పి ఉంటే తట్టుకునేదాన్నేమో. నెలల పిల్లలనీ, స్వార్థమనీ నేనరిచినవన్నీ వాడికి గుర్తుండే ఉంటాయి. ఒక్కటీ అనలేదు. వాడి ముఖంలో వెక్కిరింత లేదు, ఫిర్యాదు లేదు. నా కష్టం వాడికి అర్థమైంది, అంతే. నేను మంచం అంచున కూర్చున్నాను. పిన్ను తీసేశాను. "ఏమండీ, పెట్టె లోపల పెట్టెయ్యండి" అన్నాను. ఆయనకి ముందు వినబడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడమే కష్టమైంది.

ఆయన వచ్చి చూసి ఆటో పంపించేశారు. నేను వాడి వీపు మీద చెయ్యి వేసి, "ఆ రోజు నిన్ను కొట్టకుండా ఉండాల్సిందిరా" అన్నాను. వాడు పెద్దమనిషిలా తల ఊపి, "పర్లేదులే. కానీ నేను మూడ్రోజులు దాచా, నువ్వు ఒక్కపూట కూడా దాచలేదు" అన్నాడు. ఏడుస్తూ నవ్వాను. మధ్యాహ్నం హాడో జెట్టీ వైపు నుంచి ఓడ కూత వినిపించింది. మా ఇంటికి ఆ కూత రోజూ వినబడేదే. ఆ ఒక్కరోజు దిండు చెవికి అదుముకుని పడుకున్నాను.

చెల్లికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. "నీకెప్పుడూ నీ పిల్లలేనా?" అని పెట్టేసింది. నాకే వచ్చిందే అని చెప్పే వ్యవధి ఇవ్వలేదు. సాయంత్రం నాన్నకి చెప్తే, నేను దానికి చెప్తాలే అన్నారు.

మర్నాటికి నాకు ఒళ్ళు తెలియని జ్వరం. పిల్లలకి తేలిగ్గా పోయేది పెద్దవాళ్ళని మాత్రం ఊరికే వదలదట. అరిచే ఓపిక కూడా లేక పడి ఉంటే, ఆ ఇంట్లో నేను అరవకపోయినా పనులు జరుగుతాయని మొదటిసారి తెలిసింది. పెద్దది పొక్కులతోనే కవలలకి జడలు వేసింది, ఒక జడ చెవి ముందుకీ, ఒకటి నడినెత్తికీ. ఆయన జావ కాచారు. అడుగంటిన జావ. అత్తగారు నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఎండలో కాగిన వేపనీళ్ళు చెంబుతో మెల్లిగా పోశారు. వీపు మీద ఆవిడ చెయ్యి గరుగ్గా ఉంది, నాకు ఏడుపొచ్చేసింది. "రోనా బంద్ సెయ్. కళ్ళలో పొక్కులు లెగుస్తాయి" అన్నారు. పదిహేడేళ్ళ వయసు తర్వాత నాకు నీళ్ళు పోసినవాళ్ళు లేరు. పురుళ్ళు కూడా ఆస్పత్రిలోనే అయిపోయాయి. నలుగురు పిల్లలకి వేల చెంబులు పోసినదాన్ని, తల వంచుకుని కూర్చుంటే మరొకరు పోస్తే ఎలా ఉంటుందో మర్చిపోయాను. ఆవిడ ఇక చాలన్నా నేను లేవలేదు. ఆవిడా అడగలేదు, ఇంకో బకెట్ తెప్పించారు. నీళ్ళు రాని రోజది.

కవలలకి మాత్రం మహా అవమానంగా ఉండేది. ఇంట్లో ముగ్గురికి ఉన్నది తమకి లేదు. అక్కా అన్నా ఎవరికెన్ని పొక్కులో పోటీ పడుతుంటే వీళ్ళు పొట్టలెత్తి వెతుక్కుని ఏడ్చేవాళ్ళు. ఒకరోజు ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒకరి ముఖం మీద ఒకరు చుక్కలు పెట్టుకుని వచ్చారు. ఆయనకి గుండె ఆగినంత పనైంది. తడిగుడ్డతో తుడిచి, కోప్పడి, పెన్ను అటక మీద పెట్టారు. అందుకే, పెళ్ళిరోజు పొద్దున్న ఇద్దరూ చుక్కలతో లేచి వస్తే ఆయన మళ్ళీ తడిగుడ్డ తీసుకున్నారు. ఎంత రుద్దినా పోలేదు. "పోవట్లేదు! అసలువే!" అని కవలలు మంచం మీద ఎగిరి గంతులేశారు. అలా మా ఇంట్లో అయిదుగురం పూర్తయ్యాం.

ముహూర్తం వేళకి మా బాబాయి తన ఫోన్ నుంచి చేశారు. మా బదులు బాబాయీ పిన్నీ పీటల మీద కూర్చోవాలి కాబట్టి ఫోన్ ఇంకెవరి చేతికో ఇచ్చారు. ఆ రోజుల్లో ఇక్కడ బొమ్మ కనబడే ఫోన్లు అందేవి కావు, మాట అందితే అదే పదివేలు. ఫోన్ స్టూలు మీద పెట్టి స్పీకరు నొక్కి, చుట్టూ అందరం చేరాం. చుక్కల ముఖాలు నాలుగు, నాది అయిదోది. సన్నాయి గరగరమంటూ వచ్చింది. మంత్రాలు సగం వచ్చేసరికి లైను తెగింది. మళ్ళీ కలిపారు, మళ్ళీ తెగింది. కన్యాదానం అయిపోయిందని ఎవరో అరిచి చెప్పారు. ఆ మాటకి నేను కొంగు నోట్లో పెట్టుకున్నాను. తాళి కట్టేటప్పటి గట్టిమేళం మాత్రం పూర్తిగా వినిపించింది. మా అత్తగారు అక్షింతలు ఎటు వెయ్యాలో తెలియక ఫోన్ మీద వేశారు. తర్వాత చాలాసేపు జనం గోల. నేను పెట్టేద్దామనుకుంటుండగా చిన్నగొంతు వచ్చింది.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నానే."

"నీకే వచ్చిందని నాన్న చెప్పారు. నేనలా అనకుండా ఉండాల్సింది. ఏడుస్తున్నావా?"

"నేను కాదే, కవలలు."

"మేమేం ఏడవట్లేదు!" అని కవలలిద్దరూ ఒకేసారి ఫోన్లోకి అరిచారు. అవతల చెల్లి పకపకా నవ్వింది. పెళ్ళికూతురు అలా నవ్వకూడదని పక్కనెవరో మందలించడం కూడా వినబడింది. అప్పుడు లైను తెగింది, మళ్ళీ కలవలేదు. మధ్యాహ్నం అత్తగారు తన నిషేధాలన్నీ ఒక్కపూటకి పక్కనపెట్టి బెల్లం పరవాన్నం వండారు. నెయ్యి వెయ్యలేదు గానీ.

ఆ డిసెంబర్లో చెల్లీ మరిదీ ఓడ దిగారు. వచ్చిన మర్నాడు అది వంటింట్లోంచి రెండు పీటలు తెచ్చి వేసి, నన్నూ ఆయన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, నాకోసం దాచి ఉంచిన చీర ఒళ్ళో పెట్టి, ఇద్దరూ దణ్ణం పెట్టారు. పెళ్ళి ఆల్బమ్‌లో నేను లేను. ఆ ఫోటోలు మొదట్లో చూడబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు చూస్తాను. పీటల మీద నా చోట కూర్చున్న మా పిన్ని కట్టుకున్న చీర బాగుంటుంది.

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పెద్దది రంగత్‌లో టీచరు. మావాడు దీవుల మధ్య తిరిగే ఓడలో పనిచేస్తూ, వారానికోసారి ఇంటికొచ్చి స్నానాలగది గంటసేపు వదలడు. కవలలు కాలేజీ హాస్టల్లో ఉన్నారు. చేప ముళ్ళు ఎవరివి వాళ్ళే తీసుకుంటున్నారు, నేను వేడన్నం తింటున్నాను. హాయిగానే ఉంది, కాదనను. ఆ నెలన్నర మాత్రం, ఇది ఎప్పుడు గడుస్తుంది దేవుడా అని గోడ మీద క్యాలెండర్లో ఒక్కొక్క రోజూ పెన్సిలుతో కొట్టేసుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడెవరైనా ఆ రోజుల్ని తిరిగిస్తామంటే, బేరమాడకుండా తీసుకుంటాను, దురదతో సహా.